సాపు చేసిన ఫోటువలు

తుమ్మలబండకు నేను మొట్టమొదట పోయింది చచ్చినవాడి ఫోటో తీయడానికి. ఆ పని చూసుకుని కెమెరా డబ్బా సర్దుకుని వచ్చేసి ఉంటే నా ప్రాణానికి ఇంత కష్టం ఉండేది కాదు.

నల్లగొండలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా నాకొక స్టూడియో ఉంది. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల గది, ఒక కుర్చీ, వెనక గుడ్డ మీద కొలను, కొలనులో రెండు హంసలు. మా వైపు జనానికి ఫోటో గుర్తొచ్చేది రెండింటికే, పెళ్ళికి, చావుకి. పెళ్ళివాళ్ళు నడిచి వస్తారు. చావుకి నేనే సైకిలు వెనక మూడుకాళ్ళ స్టాండు కట్టుకుని పోవాలి. పోయినాయనకు కొత్త రుమాలు చుట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా వెనక నుంచి తువ్వాలతో కట్టి ఫోటో తీస్తాను. ఇంటికొచ్చాక మా ఆవిడ శ్యామలమ్మ ఆ ఫోటో పడిన గాజు ప్లేటును వెలుతురుకు పెట్టుకుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో ఆ మూసిన కళ్ళను తెరిపిస్తుంది. ఈ పనిని మేం టచింగు అంటాం. మశూచి మచ్చలు తీసేయడం, లోపలికి పోయిన బుగ్గలు నింపడం, మెల్లకన్ను సరిచేయడం, అన్నీ ఆమె చేతిలో పనే. పెళ్ళిపిల్లల ఫోటోలు పట్టుకుని సూర్యాపేట నుంచి కూడా ఆమె కోసం వస్తారు.

తుమ్మలబండ చౌటుప్పల్‌కు ఏడు మైళ్ళు, లోపలికి. ఆ రోజు పోయినాయన గాలయ్య, గొర్లమంద ఉన్న మనిషి. కుర్చీలో కూర్చోబెట్టబోతే కుదరలేదు. నడుం కొడవలిలా వంగి అట్లాగే ఉండిపోయింది. ప్రాణం పోయాక బిగుసుకుందేమో అనుకున్నాను.

“కాదు తమ్మీ, పన్నెండేండ్ల సంది గట్లనే ఉన్నడు” అంది ఆయన తమ్ముడి పెండ్లాం జంగమ్మ.

నలుగురం పట్టి ఎంత లేపినా ఆయన మొహం ఆయన మోకాళ్ళనే చూస్తోంది. చివరికి కుర్చీ పక్కకు నెట్టి, ఆయన్ని ఒక పక్కకు పడుకోబెట్టి, నేను కూడా నేల మీద పడుకుని తీశాను. ఫోటో కింద పేరూ వయసూ రాయాలి కనుక వయసెంత అని అడిగాను.

“నలభై నాలుగు” అంది జంగమ్మ.

నేను డెబ్భై అనుకున్నాను. నా మొహం చూసి ఆమె తనే చెప్పింది. “గీ ఊల్లె గంతే తమ్మీ. ముప్పై దాటినయంటె భూమిని జూస్కుంట నడుసుడే. బాయిల నీళ్ళల్లనే ఏదో ఉన్నదంట. పోయినేడు పట్నం నుంచి ఒక డాక్టరు వచ్చి సీసాలల్ల నీళ్ళు పట్కపోయిండు. గీ నీళ్ళు తాగకుండ్రి అన్నడు. మరి ఏ నీళ్ళు తాగాల్నో చెప్పకుంటనే పోయిండు.”

పరాయి ఊరి నీళ్ళతో నాకేం పని? కాని ఊరుకోలేని జబ్బు నాకు పుట్టుకతోనే ఉంది. వెట్టికి పట్టుకుపోయినవాళ్ళ ఫోటోలు తీసి ఒకసారి, బడి కప్పు కూలినప్పుడు ఇంకోసారి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నవాణ్ణి. మూడోసారి కూడా పోయాను, ఈసారి పంచాయతీ సమితి ఆఫీసుకు. అక్కడి ఆఫీసరు గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. చెడ్డవాడు కాదు. కాగితం తప్ప మరొకటి కనపడదు, అంతే.

“చూడు బాబూ, ఈ ఏడు ఒక్క ఊరికే మంచినీళ్ళ పథకం ఉంది. చెరువు కింద బావి తవ్వించి, ఇంజను పెట్టి, గొట్టాల్లో ఊళ్ళోకి నీళ్ళిస్తాం. అర్జీలు పద్నాలుగు ఊళ్ళ నుంచి వచ్చాయి. అందరూ మా నీళ్ళు చెడ్డవంటారు. రుజువేదీ? ఇరవయ్యో తారీకు శనివారం మీటింగుంది. ఫోటోలు తీసేవాడివే కదా, తీసి పట్రా.”

అదెంత పని అనుకున్నాను. నా తెలివి అక్కడే తెల్లారింది.

రెండోసారి తుమ్మలబండ పోయేసరికి ఊరంతా చావడి ముందు నిలబడి ఉంది. ముందు రోజే కబురు పంపడం నా పొరపాటు. సర్పంచి రామచంద్రయ్య తన ఎడ్ల కొమ్ములకు రంగు వేయించి మధ్యలో నిలబెట్టాడు. మగవాళ్ళ రుమాళ్ళు ఉతికి ఉన్నాయి. బడిపంతులు కోటు ఒకటే ఉంటే దాన్ని ముగ్గురు వంతులవారీగా తొడుక్కుంటున్నారు. ముందు వరసలో ఆడవాళ్ళు పది మంది, నిటారుగా, మల్లెమొగ్గల్లాంటి పళ్ళతో నవ్వుతున్నారు. నాకు అనుమానం వచ్చింది.

“మీదే ఊరమ్మా?” అని మొదటామెను అడిగాను.

“రామన్నపేట.”

“మీది?”

“మాది భోనగిరి. పోయిన ఎండకాలమే లగ్గమైంది.”

పది మందీ కొత్త కోడళ్ళే. ఈ ఊరి నీళ్ళు ఇంకా ఒంటికి పట్టనివాళ్ళను ఏరి నిలబెట్టారు. నేను నల్లగుడ్డలోంచి తల బయటికి తీసి సర్పంచి దగ్గరికి పోయాను.

“పటేలా, వంగినోళ్ళు ఏరి?”

“లోపల పెట్టినం” అన్నాడు, పెద్ద ఉపకారం చేసినట్టు.

“నాకు గావాల్సింది వాళ్ళే.”

“ఏం మాట్లాడుతున్నవయా ఐలేశం? సర్కారు ఆఫీసుకు పోయే ఫోటువల కుంటోళ్ళను, గుడ్డోళ్ళను పెడ్తరా ఎవరన్న? ఊరు బద్నాం గాదా? రేపు మా పోరగాండ్లకు పిల్లనెవడిస్తడు?”

“ఊరంత వంగిపోయినంక ఎవడిస్తడు?”

“గందుకే లోపల పెట్టినం అంటున్న” అన్నాడు.

అతనితో గంటసేపు వాదించాను. గోడకు చెప్పినా సున్నమన్నా రాలేది. చివరికి ఊరుకు ఒక ప్లేటు ఖర్చు చేయక తప్పలేదు, లేకపోతే వాళ్ళు కదలరు. ఎడ్లు ఆ ఫోటోలో చాలా బాగా వచ్చాయి.

సామాను సర్దుకుంటుంటే జంగమ్మ వచ్చి నిలబడింది. “బయటికొస్తె నలుగురు జూస్తరని అందరికి భయం. మా ఇంట్లకు రా తమ్మీ. ఇంట్ల ఎట్లుంటమో గట్లనే తియ్యి. మా ఆయన ఒప్పుకున్నడు.”

ఆమె భర్త లచ్చయ్యకు ముప్పై ఎనిమిది. అన్న పోయిన దారిలోనే ఉన్నాడు. మంచం మీద నుంచి లేవడానికి దూలానికి ఒక మోకు కట్టి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒక్కొక్క జానెడే పైకి పాకుతూ లేస్తాడు. లేచాక కూడా మొహం నేలకే ఉంటుంది. మెడ తిరగదు. పిలిస్తే మనిషంతా తిరగాలి.

“గీ మోకే నాకు పెద్దకొడుకు” అన్నాడు. “పిలిస్తె పలుకుతది, తాగొచ్చి తిట్టది.”

మోకు పట్టుకుని లేస్తున్నప్పుడు ఒక ప్లేటు తీశాను. తల పైకెత్తి తాగలేడు కనుక ఆముదపాకు కాడను గొట్టంలా పెట్టుకుని అంబలి పీల్చుకుంటాడు. అదొకటి తీశాను. జంగమ్మ ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, వీపు రుద్ది నీళ్ళు పోస్తుంటే ఒకటి. పెండ్లాం మగనికి నీళ్ళు పోయడం పరాయివాడు చూసే సంగతి కాదు. నేను సిగ్గుపడి ఆగితే జంగమ్మే “తియ్యి, నీళ్ళు సల్లారుతున్నయి” అంది. ఇక ఆయన మొహం తీయాలంటే స్టాండు పనికిరాలేదు. డబ్బాను నేల మీద పెట్టి, నేను బోర్లా పడుకుని, కింది నుంచి తీయవలసి వచ్చింది.

“ఏండ్లయె నా మొఖానికి ఎదురుంగ మొఖం పెట్టి మాట్లాడినోడు లేక” అన్నాడు లచ్చయ్య నన్ను చూస్తూ. “వచ్చినోడల్ల నా రుమాలుకే దండం బెడ్తడు. నీ మీసం బాగున్నది తమ్మీ.”

జంగమ్మను పళ్ళు కనపడేలా ఒకసారి నవ్వమన్నాను. పెదవులు ఇంకా గట్టిగా బిగించింది.

“పండ్లు జూసి కొనెటందుకు నేనేమన్న ఎద్దునా?”

లచ్చయ్యకు నవ్వొచ్చింది. ఆయన నవ్వితే ఆమెకూ నవ్వొచ్చింది. ఆ క్షణాన పట్టాను. పళ్ళ మీద పసుపు, దాని మీద కాఫీరంగు చారలు, అంచులు కొరికేసినట్టు ఉన్నాయి.

ఆఖరుకు బిడ్డ అండాలు. ఆరేళ్ళది. వీపు ఇంకా బాగానే ఉంది కాని కాళ్ళు మొదలయ్యాయి. మోకాళ్ళ దగ్గర బయటికి వంగి, మధ్యలోంచి గొర్రెపిల్ల దూరేంత సందు. సున్నం కొట్టిన గోడ ముందు నిలబెట్టి తీశాను. తెల్లగోడ మీద ఆ రెండు కాళ్ళు గీత గీసినట్టు కనిపించాయి. మొత్తం ఏడు ప్లేట్లయ్యాయి.

వచ్చేటప్పుడు జంగమ్మ గడప దాకా వచ్చింది. “గివి జూపిస్తె నీళ్ళొస్తయా తమ్మీ?”

“వస్తయి వదినె.”

“మా ఆయనది అయిపోయింది, నాదీ అయిపోయినట్టే. గీ పిల్ల కాళ్ళు గింకా వంగకముందే వస్తయా?”

వస్తయి అన్నాను. ఎవరు చెప్పమన్నారో నన్ను.

ఇంటికొచ్చి ప్లేట్లు కడిగి ఆరబెట్టేసరికి దేవరకొండలో పెళ్ళి ఒకటి నెత్తి మీద ఉంది. రెండు రోజుల పని. శ్యామలమ్మకు చెప్పి పోయాను. “అవి ఆరినంక రెండేసి ప్రింట్లు తీసి కవరుల పెట్టు. శనివారం పొద్దుగాల బస్సు దిగి, కవరు తీస్కొని అట్లనే సమితి ఆఫీసుకు పోత.” టచింగు చేయొద్దని చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా టచింగు పడకుండా మా గడప దాటిన ఫోటో ఒక్కటి లేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

శనివారం ఆమె కవరు చేతికిచ్చింది. పిండితో కాచిన లై పెట్టి అతికించి, పైన దారం కట్టింది. అటు నుంచి అటే ఇంకో బస్సెక్కాను. మీటింగుకు ముందు ఆఫీసరు పిలిచి కవరు తనే చింపాడు. ఒక్కొక్కటే చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“ఏవయ్యా, వీళ్ళకొచ్చిన కష్టమేమిటి?”

“అదేంది సార్?”

“ఈవిడ పళ్ళు చూడు, మా ఆవిడక్కూడా లేవు ఇలాంటి పళ్ళు. ఈయన రెండు చేతులూ ఎత్తి దేవుడికి దండం పెడుతున్నాడు. ఇందులో కిందికి చూస్తున్నాడు, సూదేమన్నా పడిపోయిందా? ఈ పిల్ల అయితే పటాలంలో చేరేలా నిలబడింది.”

లాక్కుని చూశాను. మోకు లేదు. లచ్చయ్య చేతులు గాలిలో ఉన్నాయి. వీపు మీది గూని గోడలో కలిసిపోయింది. జంగమ్మ పళ్ళు ముత్యాలు. అండాలు కాళ్ళు రెండూ అరటిబోదెల్లా తిన్నగా ఉన్నాయి. ఇంత చక్కటి టచింగు మా ఆవిడ జన్మలో చేసి ఉండదు.

“సార్, ఇది మా ఆడమనిషి చేతిపని. పెన్సిలుతోటి దిద్దింది. నిజంగ వాళ్ళు గిట్ల లేరు.”

ఆఫీసరు ఫోటోలు కవరులో పెట్టి నాకు తిరిగిచ్చాడు. “మీ ఆవిడ వంకర తీయగలిగినప్పుడు వంకర పెట్టనూగలదు. రేపు నువ్వు గూనివాళ్ళ ఫోటోలు తెస్తే అవి మాత్రం నిజమని నేనెలా నమ్మను?”

అంత తెలివైన ప్రశ్న ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు. జాబితా సోమవారం సాయంత్రం నాలుగింటికి పైకి పోతుందనీ, ఏదైనా చేసుకుంటే ఆ లోపల చేసుకోమనీ చెప్పి మీటింగులోకి పోయాడు.

ఇంటికి వచ్చి కవరు ఆమె ముందు పడేశాను. “ఏం జేసినవే ఇది?”

“ఏం జేసిన? నీ పనే జేసిన” అంది శ్యామలమ్మ. “మంచిగ రాలేదా?”

“మంచిగ వచ్చినందుకే వచ్చింది తిప్పలు. ఆ మోకెందుకు తీసినవు?”

“ఫోటువల మోకెందుకుంటది? నువ్వే తొందరల అడ్డం బెట్టి తీసినవనుకున్న.”

“పండ్లు?”

“గసొంటి పండ్లతోటి బయటికి పంపుతనా, కింద మన స్టూడియో పేరుంటది.” కొంచెం ఆగి గొంతు తగ్గించింది. “ఆ పిల్ల కాళ్ళు జూస్తే పానం గుంజింది. ఆడపిల్ల గద. ఒక పూటంత గదే పని మీద కూసున్న. కత్తి ఎక్కడ పడ్డదో నువ్వు కూడ కనిపెట్టలేవు.”

కత్తి అన్న మాట వినగానే ప్లేట్లు తెచ్చి వెలుతురుకు పెట్టి చూశాను. పెన్సిలు గీతలైతే టర్పెంటైనులో ముంచిన దూదితో తుడిస్తే పోతాయి. కత్తితో ప్లేటు మీది పూత గీకితే బ్రహ్మ దిగి వచ్చినా తిరిగి రాదు. ఏడింటిలో అయిదింటికి కత్తి పడింది. సంగతంతా చెప్పాను. నీళ్ళూ, డాక్టరూ, గాలయ్య వయసూ, జంగమ్మ గడప దగ్గర అడిగిన మాటా. ఆమె వింటూ వింటూ, “గీ ముచ్చట పోయేటప్పుడు చెప్పడానికి నోరు లేకపాయెనా?” అంది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఇద్దరిదీ ఒకేసారి తప్పైంది అప్పుడే. తిట్టుకోవడానికి కూడా పూర్తిగా వీలు కాలేదు.

మర్నాడు ఆదివారం. రెండు డజన్ల కొత్త ప్లేట్లు సర్దుకున్నాను. శ్యామలమ్మ నేనూ వస్తానని చెప్పులు తొడుక్కుంది. వద్దన్నా వినే మనిషి కాదు.

జంగమ్మ ఇంట్లో చాప మీద కూర్చుని నేను జరిగింది చెప్పి, ఆ పాడు ఫోటోలు ముందు పెట్టాను. తిడతారనుకున్నాను. జంగమ్మ అండాలు ఫోటో ఒక్కటే తీసి, వెలుతురుకు తిప్పి, చాలాసేపు పట్టుకుంది. అండాలు వచ్చి తల్లి భుజం మీది నుంచి తొంగి చూసింది.

“ఎవలే అవ్వా గీ పిల్ల?”

శ్యామలమ్మ లేచి వాకిట్లోకి పోయి నిలబడింది.

పక్కింటి నర్సింగమ్మ నిప్పు కోసం వచ్చి ఆ ఫోటోలు చూసింది. నిప్పు సంగతి మరిచిపోయి లచ్చయ్య ఫోటో పట్టుకుని బయటికి పరుగెత్తింది. పరుగంటే ఆమె పరుగు, కట్టె ఊతం వేసుకుంటూ. అర్ధగంటలో వాకిలి నిండిపోయింది. గూనివాళ్ళు, కర్రలవాళ్ళు, మనుమల భుజాల మీద చేతులేసినవాళ్ళు. నేను వేడుకున్ననాడు ఒక్కడు బయటికి రాలేదు. ఇప్పుడు తోసుకుంటున్నారు.

“నడుం సాపు జేస్తవంట గద?” అన్నాడు భిక్షం అనే మనిషి, నా మోకాళ్ళతో మాట్లాడుతూ. “నాది జెయ్యి. నేను ముందుగాల ఆరడుగులుంటి.”

“అరే, నేను సాపు జేసెటోణ్ణి కాదు. ఉన్నదున్నట్టు తీయాలె. అది ఆఫీసుకు పోవాలె, నీళ్ళ కోసం” అని మొత్తుకున్నాను.

“ఉన్నదున్నట్టు మాకు తెల్వదా? రోజు మేమే మోస్తున్నం” అంది నర్సింగమ్మ. “దానికి నీ ఫోటువ ఎందుకు?”

వచ్చినవాళ్ళు వెనక్కి తిరగడం మొదలుపెట్టారు. వాళ్ళకు అబద్ధం చెప్పి తీసేద్దామా అని ఒక్క నిమిషం అనిపించింది, దాచను. అప్పుడు శ్యామలమ్మ అరుగెక్కింది.

“అక్కా, జర ఆగుండ్రి. ఒకటే ప్లేటు, రెండు ఫోటువలు. ముందుగాల నేను చెయ్యి పెట్టకముందు ఒకటి తీస్తం, అది ఆఫీసుకు. అది ఆఫీసు పెట్టెలనే ఉంటది, గోడకు ఎవ్వలు కొట్టరు. తరువాత నేను కూసోని దిద్దినంక ఒకటి తీస్తం, అది మీ ఇంటికి. మీరు ఎట్ల కావాలంటె గట్ల.”

వెనక్కి తిరిగినవాళ్ళు ఆగారు. “మరి పటేలు ఒప్పుకుంటడా? ఊరు బద్నామైతదంటడు” అన్నాడు భిక్షం.

సర్పంచి అప్పుడే వచ్చి గుంపు వెనక నిలబడ్డాడు. నోరు తెరవబోయాడు. అంతలో రెండు కర్రల మీద, దాదాపు నాలుగు కాళ్ళతో, ఒక ముసలామె గుంపును తోసుకుని ముందుకు వచ్చింది. ఆమెను ఊళ్ళో చాలామంది చూసి ఏళ్ళయిందని తర్వాత తెలిసింది. సర్పంచి తల్లి లక్ష్మీనర్సమ్మ.

“వాడేంది ఒప్పుకునేది? మూడేండ్లాయె నన్ను వెనక అర్రల దాసిపెట్టి” అంది. “తియ్యి బిడ్డా. ఆఫీసుకు గిట్లనే పంపు. నా ఇంటిదాంట్ల మాత్రం మొఖం పైకుండాలె, కోడలు రోజు నా మొఖం జూసుకుంటనే పొయ్యి అంటుపెట్టాలె.”

రామచంద్రయ్య రుమాలు తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. అంతే.

ఆ పూట నేను నేలకు బోర్లా పడుకున్నన్నిసార్లు నా జన్మలో పడుకోలేదు. తల్లీ కొడుకులను, మొగుడూ పెండ్లాలను కలిపి కలిపి తీశాను. లచ్చయ్య మోకును, అండాలును మళ్ళీ తీశాను. శ్యామలమ్మ ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, దిద్దేటప్పుడు ఎట్లా ఉండాలో అడిగి గుర్తుపెట్టుకుంది. భిక్షం ఆరడుగులకు ఒక్క అంగుళం తగ్గనన్నాడు.

సోమవారం మూడింటికి ప్రింట్లతో పాటు గాజు ప్లేట్లు కూడా ఊకపొట్టులో పెట్టుకుని ఆఫీసుకు పోయాను. శ్యామలమ్మ కత్తి పెట్టిన అండాలు పాత ప్లేటు ఒకటి, చెయ్యి పెట్టని కొత్తది ఒక ముసలామెది ఆఫీసరు చేతికిచ్చాను. చెయ్యి పడితే ప్లేటు మీద తెలుస్తుంది, కిటికీకి పెట్టి చూడమన్నాను. ఆయన కిటికీ దగ్గర కొత్త ప్లేటు ఎత్తి పట్టుకున్నాడు.

“పళ్ళు తెల్లగానే ఉన్నాయి కదయ్యా.”

నాకు ఏడుపొచ్చింది. “సార్, ప్లేటు మీద నల్లవి తెల్లగ, తెల్లవి నల్లగ కనవడ్తయి.”

“అంటే ఈ ముసలావిడ జుట్టు?”

“నెరిసింది సార్.”

“నల్లగా ఉందే?”

“గందుకే నెరిసింది సార్.”

గడియారం మూడున్నర చూపిస్తోంది. ఆయనకు తెలుపూ నలుపూ అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అప్పుడు గోరును పాత ప్లేటు మీద జరిపి చూశాడు. అండాలు కాళ్ళ మధ్య గీకిన గాడి గోటికి తగిలింది. కొత్తదాని మీద జరిపాడు. నున్నగా జారింది. మళ్ళీ జరిపాడు. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని ప్రింట్లన్నీ బల్ల మీద పరిచాడు. లక్ష్మీనర్సమ్మ ఫోటో దగ్గర ఆగాడు.

“ఈవిడ కూడా ఆ ఊరేనా?”

“సర్పంచి తల్లి సార్.”

“ఆయన అర్జీలో నీళ్ళు చెడ్డవంటూనే ఊరంతా ఆరోగ్యంగా ఉందని రాశాడు” అని గుమాస్తాను పిలిచి జాబితా తెప్పించాడు. అందులో టైపు చేసి ఉన్న ఊరి పేరు కొట్టేసి, పైన చేత్తో తుమ్మలబండ అని రాశాడు. పేరులో ‘బండ’ రాసే దగ్గర కలంలో సిరా అయిపోతే నేనే నా కలం ఇచ్చాను.

నెల తిరిగేసరికి పక్కూరి చెరువు కింద బావి తవ్వడం మొదలైంది. శ్యామలమ్మ వేళ్ళు బొబ్బలెక్కేదాకా కూర్చుని ఇండ్లకిచ్చే ఫోటోలు పూర్తి చేసింది. గొట్టాలు ఊళ్ళోకి వచ్చే వేళకు వాటిని పంచడానికి పోయాను. దండలేమీ వేయలేదు. భిక్షం తన ఫోటో చూసి మెడ పొట్టిగా ఉందన్నాడు. నర్సింగమ్మ మొగుడు తన పక్కన ఉన్న నిటారు ఆడమనిషి ఎవరని అడిగి తిట్లు తిన్నాడు. లక్ష్మీనర్సమ్మ ఫోటోకు పొయ్యి ఎదురుగా మేకు కొట్టారు.

జంగమ్మకు రెండు ఫోటోలు ఇచ్చాను. ఒకటి లచ్చయ్యది, ఒకటి అండాలుది, రెండూ సాపు చేసినవి. లచ్చయ్యది తీసుకుంది. అండాలుది తిరిగి నా చేతిలో పెట్టింది.

“గిది నాకొద్దు తమ్మీ.”

“ఏమైంది? మంచిగనే ఉన్నది గద” అన్నాను. ఇక ఓపిక లేదు నాకు.

“మంచిగనే ఉన్నది. అయినా నీళ్ళొచ్చినా గీ కాళ్ళు గిట్ల సాపుగావు, నాకెరికే. ఇంక వంగకుంటె సాలు. వంగుతాందా ఆగిందా నాకెట్ల తెలుస్తది? రోజు జూసే కంటికి తెల్వదు.” పిల్లను రెక్క పట్టుకుని సున్నం గోడ ముందు నిలబెట్టింది. “పది దినాల్ల నీళ్ళొస్తయంటున్నరు. గందుకని ఇయ్యాలటిది ఒకటి తియ్యి, ఉన్నదున్నట్టు. మల్ల ఏడాది వచ్చి గీ గోడకే నిలబెట్టి ఒకటి తియ్యి. రెండు పక్కపక్క పెట్టి జూస్కుంట.”

“ఏడాదికొకసారి నల్లగొండ నుంచి నేను రావాల్నా?”

“ఇప్పటికి నాలుగుసార్లు రాలేదా?” అంది జంగమ్మ.

మంచం మీద నుంచి లచ్చయ్య నవ్వు వినపడింది.

స్టాండు కాళ్ళు పొట్టిగా చేసి డబ్బాను పిల్ల మోకాళ్ళ ఎత్తుకు దించాను. గుడ్డలో తల పెట్టి, “అండాలూ, నేను చెప్పేదాంక ఊపిరి గూడ తియ్యొద్దు” అన్నాను. మూత తీసి ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటే గొర్రెపిల్ల ఒకటి వచ్చి ఆ పిల్ల కాళ్ళ మధ్యలోంచి దూరింది. అండాలు కిందికి వంగి దాన్ని పట్టుకుంది.

ప్లేటు పాడైంది. జంగమ్మ గొర్రెపిల్లను ఎత్తి చంకన పెట్టుకుంది. “ఊ, తియ్యి తమ్మీ” అంది. నేను ఇంకో ప్లేటు ఎక్కించాను.